మధ్యాహ్నం కూర

“మధ్యాహ్నం తిన్నది కోడి కూరంటే కోడి కూడా ఒప్పుకోదు.”

నేను బాత్‌రూములో ఉన్నాను. సీజన్లో కోల్డ్ స్టోరేజీ నుంచి ఇంటికి రాగానే ఎవరినీ ముట్టుకోకుండా ముందు నీళ్లు పోసుకోవాలి. లేకపోతే చీరకు పట్టిన మిరపఘాటుకు ఇంటిల్లిపాదీ తుమ్ముతారు. తలుపు వేసుకున్నా మా ఆయన మాట వినపడుతూనే ఉంది. వినపడాలనే అంటున్నాడు.

“నమిలి నమిలి దవడలు ఇంకా పీకుతున్నాయే అమ్మా. గోనెపట్టా నయం.”

“మరి పొద్దుననగా వండిపడేసి పోతే మధ్యాహ్నానికి ఎట్టా ఉంటది?” అత్తమ్మ గొంతు. “కట్టుకున్నది ఇంట్లో ఉండి వేడివేడిగా వండి పెడితే నీకీ అవస్థ ఎందుకు?”

“నిన్న పెరుగు కలిపి వండాను. బాగుందన్నారు కదా” అన్నాను లోపల్నుంచి.

“బాగుందనలా. పర్వాలేదన్నా.”

“ఆ పర్వాలేదు ఇవాళేమైంది మరి?”

“ఇవాళ అది కూడా లేదు.”

తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి ఇద్దరూ టీవీ వైపు చూస్తున్నారు. గొడవంతా నాకూ ఆ తలుపుకూ మధ్య జరిగినట్టు.

జనవరిలో మా ఆయన సాల్మన్ రాజు గుండెకు స్టెంటు వేశారు. మటన్ మానెయ్యమన్నాడు డాక్టరు. కోడి తినొచ్చు గానీ తోలు తీసేసి, రొమ్ము ముక్క మాత్రమే, నూనె పేరుకే అన్నాడు. మాంసం లేకపోతే సాల్మన్ రాజు గారికి ముద్ద దిగదు. మార్చి సగం దాకా సెలవులో ఉండి, ఒంటిపూట బడులు మొదలవగానే స్కూల్లో చేరాడు. హైస్కూల్లో సోషల్ చెబుతాడు. ఒంటిగంటకల్లా ఇంటికొచ్చి అన్నం తింటాడు. అదే వేళకు నేను ఊరి బయట కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర మిరపకాయల బస్తాల మధ్య ఉంటాను.

నాది మూడేళ్లుగా సీజన్ ఉద్యోగమే. ఈసారి యజమాని శ్రీమన్నారాయణ గారు పిలిచి, “సువార్తమ్మా, సీజన్ అయిపోయాక కూడా ఉండు. గేటు ఇన్‌చార్జిగా పర్మినెంటు చేస్తాను. ఈస్టరు లోపల ఏ సంగతీ చెప్పు” అన్నారు. ఆ మాట ఇంట్లో చెప్పిన రోజు నుంచే కూర ఎండిపోవడం మొదలైంది. అంతకుముందు కూడా ఎండిపోయేదేమో. ఎవరూ అనలేదు.

“అడిగినాయనకు కుదరదని చెప్పెయ్యి” అంది అత్తమ్మ ఆ రాత్రి అన్నాల దగ్గర. “వాడి ప్రాణం కంటేనా?”

మా ఆయన ఊ కొట్టి మజ్జిగ పోసుకున్నాడు.

*

గుప్పెడు మిరపకాయలు తీసి నలిపితే అందులో తేమ ఎంతుందో చెప్పేస్తాను. తడి కాయ లోపలికి పోతే పక్క బస్తాలకు కూడా బూజు తగులుతుంది. ఎక్కువ ఎండితే తొడిమలూడి పొడి అవుతుంది. దుర్గి రైతులు, బెల్లంకొండ రైతులు నా గుప్పెట వైపే చూస్తుంటారు. అట్లాంటిదాన్ని, ఒక రొమ్ము ముక్కలో మధ్యాహ్నం దాకా తడి నిలపలేకపోతున్నాను.

ఇంకో చిక్కు కూడా ఉంది. అవి శ్రమల దినాలు. భస్మ బుధవారం నుంచి ఈస్టరు దాకా నేనూ అత్తమ్మా మాంసం ముట్టం. జబ్బు మనిషికి పట్టింపు లేదని పాస్టరు గారు చెప్పారు కాబట్టి ఇంట్లో తినేది ఆయనొక్కడే. వండే నేను రుచి చూడను. వడ్డించే అత్తమ్మా చూడదు.

ఆ ఏడు రంజాన్ నెల కూడా మా శ్రమల దినాలతో పాటే మొదలైంది. ఆఫీసులో కంప్యూటరు దగ్గర కూర్చునే ఫర్హీన్‌ది అదే బాధ. పొద్దున్నే ఇఫ్తారుకు కూర వండి పెట్టి వస్తుంది, రుచి చూడకుండా.

“మరి ఉప్పు సరిపోయిందీ లేనిదీ ఎట్లా తెలుస్తుంది?” అని అడిగాను.

“మా అత్త హజ్రా బీ వాసన చూసి చెప్పుద్ది. తప్పయితే నా చెయ్యి తప్పు. సరిపోతే ఆమె ముక్కు గొప్ప.” నవ్వి, “నువ్వెట్టా వండుతున్నావక్కా?” అంది.

“అందరూ వండినట్టే. ఉప్పూ పసుపూ వేసి పొయ్యి మీద పెడితే ముక్కలోంచి నీళ్లొస్తాయి గదా, అవన్నీ ఇగిరిందాకా ఉంచి, తర్వాత ఉల్లిపాయ, అల్లం…”

“అది మటన్‌కక్కా. లేకపోతే ముదురు నాటుకోడికి. రొమ్ము ముక్కలో కొవ్వా పాడా? ఉన్న కాసిని నీళ్లూ నువ్వే ఇగరబెడితివి.”

“నీసు వాసన పోవద్దూ?”

“పోద్ది. దాంతో పాటు ముక్కా పోద్ది.”

నాకు మా అమ్మ నేర్పింది అది. ఆమెకు వాళ్లమ్మ నేర్పి ఉంటుంది. మా ఇళ్లల్లో మాంసమంటే ముసలి మేకో, గుడ్లు పెట్టడం మానేసిన పెట్టో. ఎంత ఉడికిస్తే అంత మెత్తన. ఉడికిస్తే గట్టిపడే మాంసం ఒకటుంటుందని ఎవరూ చెప్పలేదు.

ఫర్హీన్ చెప్పినట్టు చేశాను. ముక్కలు చిన్నవి కొట్టించకుండా అరచెయ్యంత ఉంచమన్నాను. లేవగానే ఉప్పు నీళ్లలో వేసి, ఇల్లు ఊడ్చి వచ్చేదాకా నానబెట్టాను. ఉల్లిపాయ, టమాటా ముందు మగ్గనిచ్చి, ముక్కలు తరవాత వేసి, మూతపెట్టి, మంట బాగా తగ్గించాను. గరిటెతో నొక్కితే కారే నీరు ఎర్రగా కాకుండా తేటగా రాగానే పొయ్యి ఆపేశాను. మూత తియ్యలేదు. చల్లారాక ముక్కల్ని అడ్డంగా కోసి, వాటి రసంలోనే మళ్లీ వేసి, మూతపెట్టి వెళ్లాను.

సాయంత్రం బాత్‌రూములోంచే అడిగాను, “ఇవాళెట్లా ఉంది?”

“అదే గోనెపట్టా. అడ్డంగా కోశావు గాబట్టి ఇంకా తొందరగా నమలొచ్చు.”

మర్నాడు పెరుగులో నానేశాను. తర్వాత నిమ్మకాయ తీసేశాను, పులుపుకు గట్టిపడుతుందేమోనని. హాస్టల్లో ఉన్న మా అమ్మాయి కీర్తన ఫోనులో ఏదో వీడియో పంపింది, అందులో చెప్పినట్టు కూడా చేశాను. తోలు తీసిన కాలు ముక్క కలిపి చూశాను. ఏ రోజు ఏం చేసినా జవాబు ఒకటే. ఎట్లా తయారైందో చూద్దామంటే మిగిలిన కూర ఉండదు. తినేవాళ్లు లేని ఇంట్లో మాంసం గిన్నె ఎందుకని అత్తమ్మ మధ్యాహ్నమే వీధి కుక్కకు వేసి, గిన్నె తోమి బోర్లించేది.

“ఇంక ఎన్నాళ్లమ్మాయ్ ఈ ప్రయోగాలు?” అనేది. “వాడు సగం అన్నం వదిలేసి లేస్తన్నాడు. నిన్న బజార్లో మటన్ బిర్యానీ వాసన చూసి ఆగాడంట, నాతో చెప్పాడు. వాడు ఏదో ఒక రోజు ఆ హోటల్లోకి పోతే ఎవరిది పాపం?”

ఆ మాటకు నాకు నిజంగా భయం వేసింది. శ్రీమన్నారాయణ గారికి కుదరదని చెప్పేద్దామని పొద్దున బయల్దేరడం, గేటు దగ్గరికి రాగానే ట్రాక్టర్లు కనపడి ఆ మాట నోట్లోనే ఉండిపోవడం. ఇట్లా జరిగింది కొన్నాళ్లు.

*

రంజాన్ పండగ వెళ్లాక ఫర్హీన్ నాకు షీర్ ఖుర్మా తెచ్చింది. నేను ఆమెకు చిన్న డబ్బాలో పొద్దుటి కూర తీసుకెళ్లాను. ఆఫీసు గదిలో నీసు డబ్బాలు విప్పడం శ్రీమన్నారాయణ గారికి పడదు. అందుకని ఒంటిగంట దాటాక బస్తాలు తూచే కాటా షెడ్డులో కూర్చున్నాం.

“నా నాలిక నువ్వే. దాచకుండా చెప్పు” అన్నాను.

ఫర్హీన్ ఒక ముక్క తిని, ఇంకో ముక్క తీసుకుంది. అన్నం కలపకుండానే మూడోది కూడా.

“చెప్పవే.”

“ఏం చెప్పేదక్కా? కారం కొంచెం తక్కువ.”

“గట్టిగా లేదూ?”

“వేలితో విడిపోతంటే గట్టి అంటావేంది? బయట ఈ ఎండకు కూడా రసం అట్టాగే ఉంది చూడు.” డబ్బా వంచి చూపించింది. “బావగారికి పన్ను నొప్పేమన్నా ఉందా?”

ఉందేమో అనుకున్నాను. స్టెంటు వేశాక వాడే మందులకు నోరు అట్లా అయిందేమోనని కూడా అనుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికెళ్లి, బాత్‌రూము తలుపు తియ్యకముందే, “ఎట్లా ఉందండీ?” అన్నాను.

“రోజూ అడగాలా? పీచు.”

అదే కూర. అదే గిన్నెలోది. అదే వేళకు తిన్నారు ఇద్దరూ.

మర్నాడు గేటు ఫర్హీన్‌కు అప్పగించి, మధ్యాహ్నం స్కూటీ మీద వచ్చి, బండి వీధి మొదట్లోనే ఆపి ఇంటికి నడిచాను. రోడ్డు మీద తారు మెత్తబడింది. వరండాలో ఫ్యాను కింద మంచం మీద ఆయన కూర్చుని ఉన్నాడు, స్నానం చేసి, భుజాన తువ్వాలుతో. పేపరు అడ్డంగా ఉండటం వల్ల నన్ను చూడలేదు. నేను పక్క సందులోంచి వంటింట్లోకి వెళ్లాను.

పొయ్యి పెద్ద మంట మీద ఉంది. నా గిన్నె మూత తీసి పక్కన పెట్టి ఉంది. కూర కుతకుతా ఉడుకుతోంది. రసం ఎప్పుడో ఇగిరిపోయింది. అడుగంటకుండా అత్తమ్మ గరిటెతో గీకుతూ, చెంబులోంచి కాసిని నీళ్లు చల్లుతోంది. ఆ నీళ్లు చుయ్యిమంటున్నాయి.

“ఏంది, ఈ పూట వచ్చావు? ఒంట్లో బాలేదా?”

“ఏం చేస్తున్నారత్తమ్మా?”

“చేసేదేముంది, ఉడకబెడతన్నా.”

“అది పొద్దున్నే ఉడికింది కదా.”

“పొద్దున్న ఉడికితే? ఎండలు చూశావా? మీ మామయ్య ఇట్టాంటి ఎండల్లోనే చేలోనుంచి వచ్చి, పొద్దుటి కూర తిని, వాంతులయ్యి, తెల్లారేసరికి పోయాడు. ఆసుపత్రి దాకా కూడా ఆగలా.” ఆమె గరిటె ఆపలేదు. “వాడి బండి చప్పుడు వినపడంగానే పొయ్యి మీద పెడతా. స్నానం చేసి వచ్చిందాకా కుతకుతా ఉడికితే గానీ నా చేత్తో నేను పెట్టలేను.”

“ఒక్కసారన్నా రుచి చూశారా?”

“శ్రమల దినాల్లో నేనెట్టా చూసేది? నీకు తెలవదా?”

ఆమె మీద కోపం తెచ్చుకుందామంటే రాలేదు. పొయ్యి ఆపాను. అప్పుడే వరండాలోంచి ఆయన కేకేశాడు.

“అమ్మా, కాలేదా? రోజూ ఇంతసేపు ఉడకబెడతావేందే.”

నేను గుమ్మంలోకి వచ్చాను. ఆయన పేపరు దించాడు. నన్ను చూశాడు, నా చేతిలో గిన్నె చూశాడు. ఎందుకొచ్చావని అడగలేదు. భుజం మీది తువ్వాలు తీసి, ఆరిపోయిన చేతులు తుడుచుకున్నాడు.

*

ఆ సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తుంటే మాత్రలు వేసుకోవడానికన్నట్టు నీళ్లసీసా పట్టుకుని పైకి వచ్చాడు.

“మీకు తెలుసు” అన్నాను.

“ఏంది?”

“అత్తమ్మ మళ్లీ ఉడకబెడుతుందని.”

“వేడి చేస్తది. ఆమెకదో తృప్తి.”

“దానివల్లే గట్టిపడుతుందని కూడా తెలుసు.”

పక్కింటి వాళ్ల కూలరు మోటారు చప్పుడు చేస్తోంది.

“నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా. పెరుగన్నాను, ఉప్పు నీళ్లన్నాను, పొద్దున్నే లేచి నానా తంటాలు పడ్డాను. అవన్నీ చూస్తూ కూర్చున్నారు.”

“అమ్మకు చెప్తే నాన్న సంగతెత్తి ఏడుస్తది. నీతో చెప్తే నువ్వు పోయి ఆమెను అడుగుతావు. ఇద్దరి మధ్యా నేనెందుకు నలగాలని…”

“అందుకని నన్ను మానెయ్యమన్నారు.”

“నేనెప్పుడన్నా? అన్నది అమ్మ.”

“మీరు ఊ కొట్టారు.”

ఆయన సీసా మూత తిప్పాడు. మళ్లీ బిగించాడు. “గుప్పెడు కోడిముక్కల మీద ఇంత రాద్ధాంతమా సువార్తా” అని దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున అత్తమ్మను కూర్చోబెట్టి చెప్పాను. కూర గిన్నె ఫ్రిజ్‌లో పెట్టి పోతాను, పాడవదు. ఆయన వచ్చాక మరిగే నీళ్ల గిన్నెలో ఈ గిన్నెను మూతతో సహా దించండి, ఆవిరికే వేడెక్కుతుంది, మంట మీద నేరుగా పెట్టొద్దు. అన్నిటికీ తలూపింది. ఆ రోజు ఆయన, “ఇవాళ బాగుంది” అన్నాడు, నా ముఖం వైపు చూడకుండా. రెండో రోజు మళ్లీ పీచు. అడిగితే, “ఫ్రిజ్‌లోది గదా, గుండెకు పడదేమోనని ముందు ఆవిరి పట్టి, తర్వాత సన్న మంట మీద కాసేపుంచా” అంది. సన్న మంట మీద, కాబట్టి ఇంకా ఎక్కువసేపు.

“మీరొక మాట చెప్పండి ఆమెకు” అన్నాను ఆయనతో.

“చెప్తాలే” అన్నాడు. చెప్పలేదు.

ఆ శుక్రవారం, సంఘం వాళ్లు వంతులవారీగా ఇళ్లల్లో చేసుకునే కాటేజీ ప్రార్థన మా ఇంట్లో పెట్టుకున్నాం. ఆడవాళ్లంతా, కొందరు మగవాళ్లూ వచ్చారు. హాల్లో చాపలు చాలక వరండాలో కూడా కూర్చున్నారు. పాటలయ్యాక ఒక్కొక్కరూ గొంతెత్తి ప్రార్థన చేస్తున్నారు. అత్తమ్మ వంతు వచ్చింది.

“ప్రభువా, నా బిడ్డ గుండెను నీ చేతుల్లో పెట్టుకో తండ్రీ. వాడికి కడుపునిండా వండి పెట్టే దిక్కు లేదు నాయనా. మా కోడలి మనసును ఇంటి వైపు తిప్పు ప్రభువా. లోకంలో సంపాదన కోసం పరుగెత్తే కాళ్లను ఈ గడపలో నిలుపు తండ్రీ.”

“ఆమేన్” అన్నారు అందరూ. వరండాలో మగవాళ్లతో కూర్చున్న మా ఆయన గొంతు కూడా వినపడింది. కళ్లు మూసుకుని ఉన్న నేను అలవాటు కొద్దీ ఆమేన్ అన్నాను. అన్నాక గానీ తెలియలేదు.

కాఫీలు ఇస్తుంటే ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, “దేవుడు దారి చూపిస్తాడులేమ్మా” అంది. ఇంకొకావిడ, “మగాడి ఆరోగ్యం ముందు ఏదైనా దండగే” అంది. మా అత్తమ్మ కృపామణి గారి కొడుకు, పెళ్లాం నిర్లక్ష్యం వల్ల చిక్కిపోతున్నాడని మా వీధికి, చర్చికి, బహుశా మాచర్ల దాకా తెలిసిపోయింది. వాళ్లెవరికీ పొయ్యి సంగతి తెలియదు. తెలిసిన మనిషి వరండాలో పళ్లెంలోంచి బిస్కెట్టు తీసుకుంటున్నాడు.

*

ఈస్టరు రోజు తెల్లవారకముందే సమాధుల తోటకు వెళ్లాం. మామయ్య సమాధి మీద కొవ్వొత్తులు వెలిగించి, పూలు పెట్టి, సూర్యుడు వచ్చేదాకా పాడాం. అత్తమ్మ ఆ రాయిని కొంగుతో తుడిచింది. చాలాసేపు తుడిచింది. ఆమె భయం నాకు అర్థం కాకపోలేదు. అర్థమైనంత మాత్రాన నా ఉద్యోగం మానడం దానికి మందు కాదు.

చర్చి నుంచి వచ్చేసరికి ఆడబిడ్డ చిన్నారి, ఆమె భర్త మాచర్ల నుంచి వచ్చి ఉన్నారు. కీర్తన ముందు రోజే గుంటూరు హాస్టల్ నుంచి వచ్చింది. అందరికీ మటన్, ఆయనకు రొమ్ము ముక్క. అప్పటికప్పుడు వండాను. నలభై రోజుల తర్వాత మొదటిసారి నా చేతి ముక్క నేను నోట్లో పెట్టుకున్నాను. మెత్తగా, రసంతో ఉంది. పొయ్యి ఆపి, గిన్నె నేనే తెచ్చి ఆయన పళ్లెంలో వడ్డించాను.

“ఇంత మెత్తగా ఉందేంది వదినా, నాకూ రెండు ముక్కలు వెయ్యి” అంది చిన్నారి. తిని, వేళ్లు నాకి, అన్నకు చూపించింది. “చూశావా, ఇంటి పట్టున ఉండి వండితే ఎట్టా ఉందో. వదినా, అన్నయ్య కోసం ఈ ఒక్క ఏడన్నా మానెయ్యరాదూ? సీజన్ ఎట్టాగూ అయిపోవచ్చింది. అమ్మ రోజూ ఫోన్లో ఏడుస్తంది.”

అత్తమ్మ అన్నం కలుపుతూ ఆగింది. కీర్తన నా వైపు చూసింది. ఆయన పళ్లెంలోకి చూస్తూ, అమ్మ మళ్లీ ఉడకబెడుతుందని చెప్పడానికి ఇదే సమయమని తెలిసి కూడా, ముక్కను వేలితో తిప్పుతున్నాడు. నేను కాసేపు ఎదురుచూశాను. ఆయన చెబుతాడేమోనని నిజంగానే చూశాను.

మంచినీళ్ల జగ్గు కింద పెట్టి కూర్చున్నాను.

“శ్రీమన్నారాయణ గారికి నిన్ననే చెప్పాను. పర్మినెంటుగా చేరుతున్నాను” అన్నాను.

“అదేంది?” అంది అత్తమ్మ. “మరి వీడి కూడు?”

“ఒంటిపూట బడి ఆయనకు అత్తమ్మా, నాకు కాదు. ఒంటిగంటకు ఇంట్లో ఉండేది ఆయనే. ఈ నెలాఖరుకు సెలవులిస్తే రోజంతా ఉంటారు. రేపట్నుంచి మధ్యాహ్నం కూర ఆయనే వండుకుంటారు.”

చిన్నారి భర్త నవ్వబోయి, భార్య ముఖం చూసి మానేశాడు.

“వాడికి గ్యాస్ వెలిగించటం కూడా రాదే” అంది అత్తమ్మ.

“ఇవాళ సాయంత్రం నేర్పిస్తాను. ముక్కలు ఉప్పు నీళ్లలో వేసి ఫ్రిజ్‌లో పెట్టి పోతాను. ఉల్లిపాయలు కోసి పెడతాను. ఆయన వండుకోవటం, వెంటనే తినటం, అంతే. పొద్దుటి కూరన్న భయం మీకూ ఉండదు. మీరు ఆ ఎండలో పొయ్యి దగ్గర నిలబడొద్దు.”

అత్తమ్మ కొడుకు వైపు చూసింది, ఏమన్నా అంటాడేమోనని. ఆయన నా వైపు చూశాడు.

“రేపట్నుంచా?” అన్నాడు.

“రేపట్నుంచే. స్కూలు నుంచి వచ్చేటప్పుడు కొత్తిమీర తెచ్చుకోండి” అన్నాను.